శర్కర నుంచి షుగర్ దాకా: చార్టులో బాణాలు ఎటు గీయాలి?

గంటస్తంభం (విజయనగరం):
ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి పదో తరగతి పిల్లలతో గోడ చార్టు వేయిస్తున్నాం. ప్రకృతి-వికృతుల్లో శర్కర–చక్కెర ఎలాగూ చెబుతాం. అదే మాట ఐరోపాలో ఎలా తిరిగిందో కూడా చూపిద్దామని ఇంగ్లీషు షుగర్, ఫ్రెంచి స్యూక్ర్, జర్మన్ త్సుకర్, ఇటాలియన్ త్సుక్కెరో, స్పానిష్ అసూకర్, రష్యన్ సాఖర్, సెర్బియన్ షెచెర్ ఏరి పెట్టాం. మధ్యలో శర్కర రాసి అన్నిటికీ తిన్నగా బాణాలు గీసేయొచ్చా? స్పానిష్‌లో ముందున్న అకారం ఎక్కడిది? షుగర్‌లోని ష మన శకారమేనా?

నాగావళి (శ్రీకాకుళం):
మాస్టారూ, తిన్నగా గీయకండి. ఈ మాట ఐరోపాకి ఒక్క దారిన వెళ్లలేదు. ఏ దారిన వెళ్లిందో తెలియాలంటే తొలి హల్లును వదిలేసి, దాని మీది అచ్చు చూడండి. హల్లు భాష మారినప్పుడల్లా స, జ, త్స, ష అవుతూ పోతుంది. అచ్చు చాలా వరకు దారి చెప్పేస్తుంది.

సంస్కృతంలో శర్కర అంటే ముందు గులకరాయి, కంకర. పలుకులుగా ఉండే తీపికి ఆ పేరు తర్వాత వచ్చింది. పాళీలో సక్ఖరా అంటే ఇప్పటికీ రెండర్థాలూ ఉన్నాయి. పారశీకంలో అది షకర్, అరబ్బీలో సుక్కర్. ఉకారం అరబ్బీ గుర్తు. అరబ్బులు చెరకుసాగును సిసిలీకీ స్పెయిన్‌కీ తీసుకెళ్లారు. ఇటాలియన్ త్సుక్కెరో, దాని వెనక ఫ్రెంచి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు, మరోపక్క జర్మన్, జర్మన్ నుంచి పోలిష్ త్సుకియెర్: ఇవన్నీ ఆ ఉకారం కొమ్మే.

అకారం ఉంటే గ్రీకు కొమ్మ. మన సరుకు గ్రీకులకు అరబ్బుల కంటే చాలా ముందే తెలుసు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు సముద్ర వర్తక గ్రంథం 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్'లో పశ్చిమ భారతం నుంచి వెళ్లే సరుకుల్లో గోధుమ, బియ్యం, నెయ్యి, నువ్వులనూనెతో పాటు 'సాఖరి అనే రెల్లుతేనె' కనిపిస్తుంది. రష్యన్ సాఖర్, బల్గేరియన్ జాహర్ ఈ కొమ్మవి.

ఎకారంతో ష ఉంటే తురకల దారి. పారశీక షకర్ టర్కీలో షెకెర్ అయి, అక్కడి నుంచి సెర్బియన్ షెచెర్, అల్బేనియన్ షెచెర్‌గా స్థిరపడింది.

స్పానిష్ అకారం సంగతి: అరబ్బీలో నామం ముందు 'అల్' చేరుతుంది. సకారం ముందు ఆ లకారం కూడా సకారమైపోయి అస్సుక్కర్ అవుతుంది. స్పెయిన్, పోర్చుగల్ జనం శతాబ్దాల పాటు అరబ్బీ మాట్లాడేవాళ్ల మధ్య ఉండి ఆ మాటను 'అల్'తో సహా పట్టుకున్నారు. ఇటలీవాళ్లు 'అల్' లేకుండా తీసుకున్నారు. పత్తిని చూడండి: స్పానిష్‌లో అల్గొదోన్, ఇటాలియన్‌లో కొతోనె. రెండూ అరబ్బీ కుత్న్ నుంచే. పిల్లలకు ఈ జంట చూపిస్తే నియమం వెంటనే బోధపడుతుంది.

వంశధార (శ్రీకాకుళం):
పై జవాబుతో ఏకీభవిస్తాను. షుగర్ ష గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. ఆ ష మన శకారం కాదు. ఇంగ్లీషువాళ్లకు అది సుమారు 1300 నాటికి ఫ్రెంచి ద్వారా సకారంతోనే చేరింది. ఫ్రెంచి 'యూ' అచ్చును 'ఇయూ' అని పలకడంతో 'స్యూ' అయింది, అదే తర్వాత 'షు'గా కరిగింది. ఫ్రెంచి నుంచే వచ్చిన 'ష్యూర్' అనే మాటకూ ఇదే జరిగింది. స్పెల్లింగులో రెంటికీ ఇప్పటికీ ఎస్ ఉండటం అందుకే. శ నుంచి ష కి బాణం గీస్తే మధ్యలో వెయ్యేళ్ల సకారం మాయమైపోతుంది.

గంటస్తంభం (విజయనగరం):
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలండీ. మరి మన చక్కెరను ఎక్కడ పెట్టాలి? ఇంగ్లీషు జాగరీ, క్యాండీ కూడా ఇక్కడివే అంటారు కదా.

నాగావళి (శ్రీకాకుళం):
చక్కెర ప్రాకృతం నుంచి దిగిన కొమ్మ. ఐరోపా కొమ్మలకు తోబుట్టువే తప్ప తల్లి కాదు, దాని నుంచి పడమటికి బాణం వద్దు. దక్షిణాది నుంచి పడమటికి వెళ్లింది జాగరీయే: మలయాళం చక్కర, పోర్చుగీసు జాగర, 16వ శతాబ్దం చివరికి ఇంగ్లీషు. బెల్లం అనే మాటకు దీనితో చుట్టరికం లేదు, పిల్లలు తప్పక అడుగుతారు.

క్యాండీకి వేరే చెట్టు వేయండి. దాని మూలం శర్కర కాదు, ఖండ, అంటే ముక్క. పారశీక కంద్, అరబ్బీ కందీ, ఫ్రెంచి స్యూక్ర్ కాందీ, ఇంగ్లీషు షుగర్ క్యాండీ. మన కండచక్కెరలో ఉన్నవీ ఆ రెండు మాటలే, వరస తిరగబడిందంతే.

వంశధార (శ్రీకాకుళం):
గ్రీకు కొమ్మ పక్కన లాటిన్ సక్కారుమ్‌కి చోటు ఉంచండి. చెరకు శాస్త్రీయనామం సక్కారమ్ అఫిసినారమ్ అక్కడిదే, వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో పెట్టాడు. 1879లో అమెరికాలో కనుగొన్న కృత్రిమ తీపిపదార్థం శాకరిన్ పేరూ అంతే, దాంట్లో చక్కెర లేకపోయినా. బాణాలకు దారికో రంగు వాడి, తెలిసినచోట పక్కన శతాబ్దం వేయించండి. స్పానిష్ గడిలో 'అ'ను వేరే రంగుతో రాయిస్తే 'అల్' వచ్చి చేరిన సంగతి దూరం నుంచే కనిపిస్తుంది.