ఇట్రాకోనజోల్ వాడుతున్నా గజ్జల్లో తామర తగ్గట్లేదు, తేడా ఎక్కడ?

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు. గజ్జల్లో, నడుం చుట్టూ తామర. మెడికల్ షాపులో ఇచ్చిన క్లోబెటసాల్ కలిసిన క్రీమ్ రెండు నెలలు రాశారు. రాస్తే దురద ఆగేది, మానిన వారానికి చుట్టు పెద్దదై వచ్చేది. ఇప్పుడు స్కిన్ డాక్టరు ఇట్రాకోనజోల్ 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, లులికోనజోల్ క్రీమ్ ఇచ్చారు, రెండూ శిలీంధ్రానికి (ఫంగస్‌కి) మందులే. మూడు వారాలైనా గుణం లేదు. ఉదయం క్యాప్సూల్ పరగడుపునే పాంటాప్రజోల్‌తో (గ్యాస్ మాత్ర) కలిపి వేసుకుంటున్నారు. కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ కూడా వాడుతున్నారు.

జవాబు 1: తేడా అక్కడే. మామూలు ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పరగడుపున వేస్తే సగం వృథా, పైగా గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే ఆపేస్తోంది. పాంటాప్రజోల్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి గంట తేడా పెట్టినా లాభం లేదు. అది నిజంగా అవసరమా అని డాక్టర్ని అడగండి. క్యాప్సూల్ కడుపునిండా తిన్న వెంటనే వేయాలి. ఇట్రాకోనజోల్‌లోనే ‘సుబా’ అనే ఇంకో రకానికి ఆమ్లంతో అంత పని లేదు, కానీ దాని మోతాదు లెక్క వేరు, మీరుగా మార్చకండి.

ఇంకోటి, ఇదే అసలు భయం: ఇట్రాకోనజోల్ వల్ల అటోర్వాస్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలు దెబ్బతినొచ్చు. ఈ రోజే డాక్టరుకి చెప్పండి. ఒళ్లు నొప్పులు, మూత్రం ముదురు రంగులో రావడం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. గుండె బలహీనత ఉన్నవాళ్లకి ఈ మందే పనికిరాదు. కాళ్ల వాపు, ఆయాసం గమనించండి.

జవాబు 2: క్లోబెటసాల్ స్టెరాయిడ్. ఎరుపు, దురద అణచేస్తుంది, శిలీంధ్రం మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. ఆ ట్యూబు పారేయండి. లులికోనజోల్ చుట్టు మీదే కాదు, అంచు దాటి 2 సెం.మీ. దాకా పలచగా, తడి పూర్తిగా ఆరాక రాయాలి. తువ్వాలు, లోదుస్తులు వేరుగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ ఒకేసారి వైద్యం జరగాలి. లేకపోతే ఇది ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది.

జవాబు 3: ఇవన్నీ సరిచేశాకా కదలకపోతే అంచు నుంచి పొట్టు గీకి కేఓహెచ్ పరీక్ష (పొట్టులో శిలీంధ్రం ఉందా అని మైక్రోస్కోపులో చూడటం), కల్చర్ (దాన్ని ల్యాబులో పెంచి ఏ రకమో తేల్చడం) చేయించండి. మన దేశంలో ఇప్పుడు తామర తెచ్చే శిలీంధ్రాల్లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం ఎక్కువ. దానిలో చాలావాటికి టెర్బినఫిన్ అనే ఇంకో శిలీంధ్రం మందు పనిచేయదు, అందుకే డాక్టర్లు ఇట్రాకోనజోల్ వైపు వెళ్తున్నారు. నల్లమచ్చ మిగిలితే రోగం మిగిలినట్టు కాదు, అంచున పొలుసు, దురద ఉంటేనే లెక్క.