చర్చ: చౌకగా పాత కారు కొని మన చేతులతోనే బాగుచేసుకోవడం గిట్టుబాటయ్యే పనేనా?

కొత్తచక్రం
12 ఏళ్ల నాటి పెట్రోల్ కారు ఒకటి చాలా తక్కువ ధరకు వస్తోంది. మీటరులో 1,40,000 కిలోమీటర్లు ఉన్నాయి. సర్వీసు చేయించిన కాగితాలు మాత్రం ఒక్కటీ లేవు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు మార్చడం నాకు అలవాటే, ఓ మోస్తరు పనిముట్లూ ఉన్నాయి. ఇంజిన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపించే టైమింగ్ బెల్ట్‌ను ఎప్పుడు మార్చారో అమ్మే ఆయనకు తెలియదట. ఇలాంటి బండిని కొని మిగిలిన పనులు కూడా సొంతంగా చేసుకోవడం తెలివైన పనేనా, లేక ఇంకొంత డబ్బు కూడబెట్టి మంచి బండి చూసుకోవడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

స్పానర్ సూర్యం
నిరభ్యంతరంగా కొనండి, అయితే చూడవలసినవి చూసి కొనండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలిందంటే, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయించే సంగతి మీ కంట పడకుండా ముందే ఒకసారి తిప్పి ఉంచారని అనుమానించవచ్చు. ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. అక్కడ మీగడలాంటి తెల్లటి జిడ్డు దట్టంగా పేరుకుని, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతూ ఉంటే, ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోందనీ, నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువగా పోతోందనీ, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతోందనీ అర్థం.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి వెంట తీసుకువెళ్లండి. ఎర్రర్ కోడ్‌లు ఏవీ లేవని అందులో కనిపించగానే సంతోషించవద్దు. కోడ్‌లను చెరిపేసిన బండిలో, కారు తనను తాను చేసుకునే ‘రెడీనెస్’ పరీక్షలు అసంపూర్తిగా చూపిస్తాయి. కొంత దూరం రకరకాల వేగాల్లో నడిపితే గానీ అవి పూర్తి కావు. ఒక్క కోడ్ కూడా లేకుండా, పరీక్షలన్నీ అసంపూర్తిగా కనిపిస్తే, బ్యాటరీ ఈ మధ్యే తీశారా అని అడగండి. తీయలేదంటే మీరు రావడానికి ముందే ఎవరో చెక్ ఇంజిన్ లైటును ఆర్పారన్నమాట. సీటు బెల్టును చివరి వరకూ బయటికి లాగి చూడండి. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా, చుట్టలో ఉండిపోయే ఆ చివరి జానెడు పట్టీ మీద బురద చార కొన్నిసార్లు మిగిలిపోతుంది.

ఇక టైమింగ్ బెల్ట్ విషయం. ఎప్పుడు మార్చారో తెలియదంటే మార్చలేదనే లెక్క. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ తర్వాత హెడ్ విప్పక తప్పదు. కొన్న వెంటనే బెల్ట్‌ను, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్‌తో సహా మార్చండి. పుల్లీల మీది గుర్తులు కలిపి బిగించాక, స్టార్ట్ చేయకముందే క్రాంక్‌ను (ఇంజిన్ ప్రధాన ఇరుసును) చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూసుకోండి. ఓపిక ఉన్నవారికి ఇది అసాధ్యమేమీ కాదు, పైగా ఈ పనికి అయ్యే బిల్లులో సింహభాగం కూలీయే.

లెక్కల మాస్టారు
కూలీ మిగులుతుందని చెప్పే ప్రతివారూ తమ కూలీని సున్నాగా వేసుకుంటారు.

నట్టు బోల్టు
జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. స్టాండ్లు లేకపోతే ఆ రోజుకు పని మానుకోండి.

ఎడమదారి
సూర్యం గారి జాబితా బాగానే ఉంది కానీ, అందులో బ్రేకుల ప్రస్తావన ఒక్కచోట కూడా లేకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు, ఎందుకంటే ఈ వేదికలో సొంత రిపేర్ల గురించి ఉత్సాహంగా రాసేవారందరూ ఇంజిన్ గురించే రాస్తారు. ఇంజిన్ ఆగితే బండి దారి పక్కన నిలుస్తుంది. బ్రేకు పట్టకపోతే ముందున్నవాడి ప్రాణం పోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందన్న సంగతి ఎంతమందికి తెలుసు? డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. నీరు చేరిన తర్వాత ఆ పరిమితి 155 డిగ్రీలకు దిగుతుంది. పొడవైన ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కుతూ పోతే పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, ఆవిరి ఒత్తిడికి కుంచించుకుపోతుంది కనుక పెడల్ నేలకు దిగిపోతుంది. అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 12 ఏళ్ల బండిలో ఆ ఆయిల్ ఎప్పటిదో అడిగారా? దాన్ని మార్చేటప్పుడు లైనులో గాలి చిక్కితే మీరు పసిగట్టగలరా? కొన్ని కార్లలో, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లో చిక్కిన గాలిని స్కానర్‌తో పంపు తిప్పితే తప్ప బయటికి తీయలేరని తెలుసా?

స్పానర్ సూర్యం
ఎడమదారి గారూ, అడిగినవారు టైమింగ్ బెల్ట్ గురించి అడిగారు. బ్రేకుల సంగతి మీరు తెచ్చారు కనుక చెబుతున్నాను: ప్యాడ్లు మార్చడం కారు పనుల్లో తేలికైన వాటిలో ఒకటి. చక్రం విప్పి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ బోల్టు తీసి, పిస్టన్‌ను నెమ్మదిగా వెనక్కి నొక్కి, కొత్త ప్యాడ్లు పెట్టి, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు తొక్కాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న బండైతే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. ఇందులో మంత్రతంత్రాలు లేవు.

లెక్కల మాస్టారు
తేలికైన పని అన్న మాట తుప్పు పట్టని బోల్టు విషయంలోనే నిజం. 12 ఏళ్ల బండి అడుగున ఉన్న బోల్టు తల స్పానర్ పెట్టగానే గుండ్రంగా అరిగిపోతుంది, లేదా పైసగం చేతికి వచ్చి మరలున్న సగం లోపలే ఉండిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ చల్లి రాత్రంతా ఆగాలి, వేడి చేయాలి, చివరికి మధ్యలో డ్రిల్ పెట్టి తీయాలి. డ్రిల్ పక్కకు జారితే బోల్టుతో పాటు దాని చుట్టూ ఉన్న లోహం కూడా పాడవుతుంది. ఈలోగా బండి మూడు చక్రాల మీదా ఒక స్టాండు మీదా నిలబడి ఉంటుంది. కావలసిన పార్టు తేవడానికి ఇంకో బండి కావాలి. సొంత రిపేరు చేసేవారికి రెండో వాహనం ఉండి తీరాలన్న సంగతిని, దాని ఖర్చును, ఎవరూ లెక్కలో రాయరు. ఒక్కసారి మాత్రమే పనికొచ్చే పనిముట్లు కొనడం మరో పద్దు.

స్పానర్ సూర్యం
పనిముట్లు ఖర్చు కాదు మాస్టారూ, ఆస్తి.

లెక్కల మాస్టారు
స్ప్రింగ్ కంప్రెసర్‌ను ఆస్తిగా చూపిస్తే ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు.

కొత్తచక్రం
ఈ రోజు బండి చూసి వచ్చాను. ముందే చెప్పినా బానెట్ వెచ్చగానే ఉంది. ఇంటి ముందుకు తెచ్చి పెట్టడానికి స్టార్ట్ చేశామన్నారు. స్కానర్‌లో కోడ్‌లు లేవు, పరీక్షలు రెండు తప్ప అన్నీ పూర్తయినట్టే చూపించింది. టైర్ల మీద తయారీ తేదీ 2317 అని ఉంది.

నట్టు బోల్టు
2317 అంటే 2017వ సంవత్సరం 23వ వారం. పైకి అరగనట్టు ఎంత బాగా కనిపించినా ఆ టైర్లను మార్చే ఖర్చు బేరంలో తగ్గించండి.

ఎడమదారి
సూర్యం గారి ప్యాడ్ల వివరణలో ఏం లేదో చూడండి. క్యాలిపర్ జారే పిన్నులను తీసి శుభ్రం చేయమని లేదు. బోల్టులను ఎంత టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్ వాడమని లేదు. డిస్కు మందం కనీస పరిమితి కంటే తగ్గిందేమో కొలవమనీ లేదు. ఆ పరిమితి చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. నాలుగు వాక్యాల్లో బ్రేకు పని నేర్పేవారు, వీడియో చూసి నేర్చుకున్నవారికి గురువులు కాగలరేమో గానీ, రోడ్డు మీద నాకు ఎదురుగా వచ్చే కారుకు బాధ్యులు కాలేరు.

స్పానర్ సూర్యం
చర్చను ఇక్కడిదాకా తెచ్చారు కనుక నేనూ దాపరికం లేకుండా రాస్తాను. అన్ని పరికరాలూ గోడకు వరుసగా తగిలించి, సర్టిఫికెట్లు అద్దాల్లో పెట్టిన ఒక గ్యారేజీకి నా మునుపటి బండిని ఇచ్చాను. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ మార్చినట్టు బిల్లు ఇచ్చారు, పూర్తి డబ్బు తీసుకున్నారు. కొంతకాలానికి ఆ పక్కన ఆయిల్ కారుతోందని కవర్ విప్పాను. కవర్ బోల్టుల చుట్టూ కంపెనీ నాటి మట్టి గట్టిపడి, ఎవరూ స్పానర్ పెట్టిన జాడ లేకుండా ఉంది. లోపల ఉన్న బెల్ట్ మీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి, దాన్ని వెనక్కి వంచితే పళ్ల మొదళ్లలో సన్నటి చీలికలు బారులు తీరి కనిపించాయి. ఆ బెల్ట్‌తోనే నేను నా వాళ్లను ఎక్కించుకుని దూరప్రయాణాలు చేశాను. అప్పుడు నా బండికి బాధ్యులు ఎవరండీ? బిల్లు మీద ముద్ర ఉన్నంత మాత్రాన బెల్ట్ మారదు. ఆ రోజు నుంచి నా బండిని పరాయి చేతికి ఇవ్వడం మానేశాను, మానమని అడిగినవారికీ చెబుతున్నాను.

రాత్రిబండి
కాపలాకు ఎవరినీ పెట్టలేం కనుక, మార్చిన పాత పార్టులు తిరిగి ఇమ్మని ముందే అడగడం మంచి అలవాటు.

ఎడమదారి
మీకు జరిగింది మోసమే, కాదనను. నాకు జరిగింది కూడా వినండి. నేను పాత కారు కొన్నది అచ్చం మీలాగే మాట్లాడే మనిషి దగ్గర. ప్రతి పనీ తానే స్వయంగా చేశానని, గ్యారేజీ గాలి సోకనివ్వలేదని, అందుకే ఆ బండిని నమ్మవచ్చని చెప్పారు. వాన కురుస్తున్న రోజున బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగేసి డివైడర్‌ను రాసుకుంటూ ఆగింది. వెనుక సీట్లో నా పిల్లలు ఉన్నారు. విప్పి చూస్తే ఒకవైపు క్యాలిపర్ పిన్నులకు చేతికి దొరికిన మామూలు గ్రీజు పూసి ఉన్నారు. పెట్రోలియం గ్రీజు తగిలి రబ్బరు ఉబ్బి, పిన్ను కదలకుండా పట్టేసింది. లోపలి ప్యాడ్ ఇనుము కనిపించేదాకా అరిగింది, బయటి ప్యాడ్ దాదాపు కొత్తదానిలా ఉంది. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, సూర్యం గారూ. నిజంగానే స్వయంగా చేశారు.

రెండోచూపు
ఇద్దరినీ మొదటినుంచి చదువుతున్నాను. మీరు వాదిస్తున్నది సొంత రిపేరు గురించి కాదని నాకు అనిపిస్తోంది. సూర్యం గారు తన బండిని తాను నడుపుకునే మాట చెబుతున్నారు, ఎడమదారి గారు ఆ బండి అమ్ముడుపోయాక దాన్ని నడిపేవారి మాట చెబుతున్నారు. కనుక సూటిగా ఒకటి అడుగుతాను. సూర్యం గారూ, మీరు బాగుచేసిన కార్లను అమ్మారా? అమ్మేటప్పుడు ఏం చెప్పారు?

స్పానర్ సూర్యం
అమ్మాను. అడిగినవాటికి నిజమే చెప్పాను. అడగనివి చెప్పలేదు. చౌక ధర పెట్టడంలోనే అందులో లోపాలు ఉండవచ్చన్న మాట ఇమిడి ఉంది. కొనేవారు చూసుకుని కొనాలి, నేను కొన్నప్పుడూ అలాగే చూసుకుని కొన్నాను.

ఎడమదారి
ఇన్ని రోజులుగా నేను వినదలచుకున్నది ఈ మాటే. బెల్ట్ మార్చని గ్యారేజీవారు కూడా ‘కవర్ విప్పి చూసుకోవలసింది’ అని ఉంటే మీరు ఒప్పుకునేవారా?

స్పానర్ సూర్యం
రెండూ ఒకటెలా అవుతాయి? వారు చేయని పనిని చేశామని డబ్బు తీసుకున్నారు. నేను చేసిన పనికి విడిగా డబ్బు అడగలేదు. మీకు బండి అమ్మిన ఆయన చేసిన పనిని చెడుగా చేశారు, చెడుగా చేశానని ఆయనకే తెలియదు. తెలియనిదాన్ని ఎలా చెబుతారు?

ఎడమదారి
తెలియని పని చేసినప్పుడు, తెలియదన్న సంగతైనా చెప్పాలి. ప్రతి పనికీ తేదీ, మీటరు అంకె, ఏ పార్టు వాడారు, ఎంత టార్క్‌కు బిగించారు అని ఒక నోటు పుస్తకంలో రాయండి. బిగించే ముందు విప్పిన చోటును ఫొటో తీయండి. బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్ పని చేసిన తర్వాత సంబంధం లేని మరో మెకానిక్ చేత చూపించండి. అమ్మేటప్పుడు అదంతా కొనేవారి చేతిలో పెట్టండి. అప్పుడు మీరు సొంతంగా ఎన్ని రిపేర్లు చేసినా నాకు అభ్యంతరం లేదు.

లెక్కల మాస్టారు
మరో మెకానిక్‌కు చూపించే ఖర్చును కూడా పద్దులో రాసుకోవాలి.

స్పానర్ సూర్యం
పుస్తకం రాయడానికి ఒప్పుకుంటున్నాను. నిజానికి ఇప్పటికే రాస్తున్నాను, ఎవరికీ చూపించలేదు, అంతే. ఫొటోలు కూడా సరే. నా బ్రేకు పనిని తప్పుడు బిల్లు ఇచ్చిన వారిలాంటి మరొకరి చేత ముద్ర వేయించుకోమంటే మాత్రం కుదరదు. వారి చూపు నా చూపు కంటే నమ్మదగినదని మీరు రుజువు చేసేదాకా నా బండి కింద నేనే పడుకుంటాను.

ఎడమదారి
అయితే అమ్మకండి.