హ్యూస్టన్ ఫుడ్ బ్యాంకు తన సరుకులను తానే ఎందుకు పంచదు?

ప్రశ్న: ఈ మధ్యనే అమెరికాలోని హ్యూస్టన్‌కు వచ్చాను. అంత పెద్ద గిడ్డంగి ఉన్న ఇక్కడి ఫుడ్ బ్యాంకు (అవసరమైనవారి కోసం ఆహారం సేకరించే సంస్థ) సరుకులను ఎక్కువగా చర్చిలకూ, బడులకూ, చిన్న సంస్థలకూ ఎందుకు అప్పగిస్తుందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి సమాధానం: 1982లో మొదలైన ఈ సంస్థ ఆగ్నేయ టెక్సస్‌లోని 18 కౌంటీలకు (జిల్లాల వంటి ప్రాంతాలకు) ఆహారం పంపుతుంది కనుక, ఏ వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో గిడ్డంగిలో కూర్చున్నవారికి తెలియదు, అది ఆ పేటలోని చర్చికో బడికో తెలుస్తుంది. 1967లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టిన తొలి ఫుడ్ బ్యాంకు కూడా ఇలా సేకరించి, సంస్థలకు అందజేసేదే.

రెండవ సమాధానం: నేను శనివారాలు అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తుంటాను. ఉబ్బిన డబ్బాలనూ, మూత అంచు దగ్గర సొట్టపడినవాటినీ తీసివేసి, మిగిలినవి అట్టపెట్టెల్లో సర్దడమే మా పని. (ఉల్లిపాయలు ఏరే రోజు మాత్రం చేతుల వాసన ఇంటిదాకా వస్తుందండీ!) బడి భోజనం దొరకని శని, ఆదివారాల కోసం ‘బ్యాక్‌ప్యాక్ బడ్డీ’ పేరిట పిల్లలకు చిన్న సంచులు కూడా వెళ్తాయి.

మూడవ సమాధానం: పద్ధతి మంచిదే కానీ, మా పేటలోని పంపిణీ కేంద్రం పనిరోజుల్లో పగటిపూట మాత్రమే తెరుస్తున్నందువల్ల, రోజుకూలీ వదులుకుంటే తప్ప మా పక్కింటివారు వరుసలో నిలబడలేకపోతున్నారు. సాయంత్రం రెండు గంటలైనా తెరవమని నిర్వాహకులను అడిగాము. ఇంకా జవాబు రాలేదు.