అప్‌డేట్: నెట్ మాటిమాటికీ పోయే సమస్య తీరింది

అనంతపురం రాంనగర్‌లో మా ఇంట్లో వైఫై ఫుల్‌గా ఉన్నా ఉన్నట్టుండి నెట్ పోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. చాలామంది రౌటర్ మార్చమన్నారు. ఎల్‌ఓఎస్ లైటు (ఇంటికి నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్‌లో సిగ్నల్ పోతే వెలిగేది) గమనించమన్న అన్నకు మాత్రం చేతులెత్తి దండం! నెట్ పోయిన ప్రతిసారీ అది ఎర్రగా వెలుగుతోంది. అంటే తప్పు వైఫైది కాదు, ఫైబర్‌లో సిగ్నలే సరిగా రావడం లేదు.

టెక్నీషియన్ మీటరు పెడితే మైనస్ 29 డీబీఎం చూపించింది. డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, సున్నాకు ఎంత దూరం పోతే సిగ్నల్ అంత బలహీనం. మైనస్ 27 దాటి పడిపోతే లైను నిలవడం కష్టం. చూస్తే కిటికీ మూలలో ఫైబర్‌ను మడిచి మేకు కొట్టేశారు, ఆ మడత దగ్గర తొడుగు తెల్లగా పాలిపోయి ఉంది. అంతవరకు కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, వైరును వదులుగా చుట్టి పెట్టాక మైనస్ 21కి వచ్చింది. అప్పటినుంచి చెల్లి ఆన్‌లైన్ క్లాసు ఒక్కసారీ ఆగలేదు. రౌటర్ పాతదే.