వీలునామాతో ఏర్పడిన ట్రస్టుకు బ్యాంకు ఖాతా తెరవడం ఎలా?

విశాఖలో అకౌంటెంట్‌ని. ఎంవీపీ కాలనీలో నా క్లయింట్ ఒకాయన, మానసిక వైకల్యం ఉన్న కొడుకు కోసం రిజిస్టర్డ్ వీలునామాలోనే ట్రస్టు పెట్టి మార్చిలో పోయారు. ఆస్తి ఒక ఇల్లు, అద్దె నెలకు 18,000. ట్రస్టు పేరున పాన్ వచ్చింది. ఖాతాకు మాత్రం బ్యాంకువాళ్లు విడిగా రిజిస్టరైన ట్రస్టు డీడ్ కావాలంటున్నారు. రాయాల్సిన మనిషే లేరు కదా!

మరణ ధ్రువపత్రం, ట్రస్టీల అంగీకార పత్రం ఇచ్చాను. స్థిరాస్తి ట్రస్టును వీలునామాతోనూ పెట్టవచ్చనే 1882 ట్రస్టుల చట్టం సెక్షన్ 5 ప్రింటు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి మరీ చూపించాను. మూడుసార్లు తిప్పి పంపారు. అద్దె చెక్కులు రెండు నా ఫైల్లోనే ఉన్నాయి, అబ్బాయి మందులకు వాళ్లక్క అప్పు చేస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి ట్రస్టుకు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) లేకుండా ఖాతా తెరిపించినవాళ్లు, ఏ కాగితంతో బ్యాంకును ఒప్పించారు?