కటింగ్‌లో కండ పోకుండా అమినోలు: బీసీఏఏ, ఈఏఏ, గ్లుటమైన్ వాడినవాళ్లు చెప్పండి

ఇనుపకడ్డీ
అందరికీ నమస్తే. కటింగ్‌లో ఉన్నాను, అంటే కండ ఉంచుకుని కొవ్వు తగ్గిస్తున్నాను. 84 కిలోల నుంచి 80కి వచ్చాను. నడుము తగ్గింది, సంతోషమే. కానీ భుజాలు, చేతులు కూడా చిక్కిపోయినట్టు కనిపిస్తున్నాయి. అద్దం చూస్తే టెన్షన్ వస్తోంది. జిమ్‌లో ట్రైనర్ మూడు డబ్బాలు చెప్పాడు: పరగడుపున బీసీఏఏ (మూడు అమినో ఆమ్లాల పొడి), వర్కౌట్ మధ్యలో ఈఏఏ (శరీరం సొంతంగా తయారు చేసుకోలేని తొమ్మిది అమినో ఆమ్లాల పొడి), పడుకునే ముందు గ్లుటమైన్. పాల నుంచి తీసే వే ప్రొటీన్ ఎలాగూ తాగుతున్నా. మళ్లీ ఇవన్నీ కావాలా? వాడి చూసినవాళ్లు చెప్పండి. డబ్బా మీద రాసేది నేనూ చదివాను, అది వద్దు.

పాతబార్‌బెల్
తమ్ముడూ, ముందు పోయింది కండేనా అన్నది తేల్చుకో. కార్బ్స్ తగ్గించగానే కండరాల్లో దాచుకున్న చక్కెర, అంటే గ్లైకోజెన్, తగ్గుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది పోతే ఆ నీరూ పోతుంది, చొక్కా చేతులు వదులవుతాయి. ఇది ప్రతి కటింగ్‌లోనూ ఉండేదే. అద్దాన్ని కాదు, లాగ్‌బుక్‌ని నమ్ము. బెంచ్, రో, స్క్వాట్ పాత బరువుల మీదే పాత రెప్స్‌కి వస్తుంటే కండ ఎక్కడికీ పోలేదు. అన్ని లిఫ్ట్‌లూ వారం వారం పడిపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

రెండు ప్రశ్నలు. రోజుకు మొత్తం ప్రొటీన్ ఎంత? వారానికి ఎంత బరువు దిగుతున్నావు?

ఇనుపకడ్డీ
స్క్వాట్ నిలబడింది అన్నా, బెంచ్ కొద్దిగా తగ్గింది. ప్రొటీన్ 100 గ్రాముల దగ్గర ఉంటుంది. బరువు వారానికి 1.2 కిలోల చొప్పున దిగుతోంది.

పాతబార్‌బెల్
ఇంకేం, దొరికింది. కిలోకి 1.25 గ్రాములు. దానికి తోడు వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం దించుతున్నావు. డబ్బాల సంగతి తర్వాత చూద్దాం.

ల్యాబ్‌కోటు
నేను డైటీషియన్‌ని. ఈ ప్రశ్న నన్ను రోజూ అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బీసీఏఏ అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వ్యాలిన్. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమినో ఆమ్లాలు తొమ్మిది ఉంటే, అందులో ఇవి మూడు. ల్యూసిన్ కండర కణంలో ఎంటార్ అనే వ్యవస్థను మేల్కొలిపి కొత్త ప్రొటీన్ కట్టమని చెబుతుంది. అంతవరకు ప్రచారం నిజమే. అయితే కట్టడానికి తొమ్మిదీ కావాలి. మిగతా ఆరూ లేకుండా ఈ మూడే తాగితే మేస్త్రీలు వచ్చి నిలబడ్డారు, ఇటుకలు రాలేదు అన్నట్టుంటుంది. ఆ ఆరింటినీ శరీరం ఎక్కడి నుంచి తెస్తుంది? ఉన్న కండను విడగొట్టే. అసలు మనం కాపాడాలనుకున్నది దాన్నే కదా!

బీసీఏఏ పనే చేయదని మాత్రం అనను. 2017లో వచ్చిన ఒక ప్రయోగంలో వెయిట్స్ చేసిన వెంటనే 5.6 గ్రాముల బీసీఏఏ తాగినవాళ్లలో కండర ప్రొటీన్ నిర్మాణం, ఉత్తుత్తి పానీయం తాగినవాళ్ల కంటే 22 శాతం ఎక్కువగా ఉంది. కానీ దాదాపు అంతే బీసీఏఏ ఉన్న వే ప్రొటీన్‌తో అంతకుముందు కనిపించిన పెరుగుదలలో అది దాదాపు సగమే. 25 గ్రాముల వే ప్రొటీన్‌లో రెండున్నర గ్రాముల వరకు ల్యూసిన్ ఎలాగూ ఉంటుంది, మిగతా ఎనిమిదీ దాంట్లోనే వస్తాయి. ఇనుపకడ్డీ గారూ, మీరు బీసీఏఏ డబ్బాకి పెట్టే డబ్బు ఇప్పటికే వే రూపంలో పెట్టేశారు.

తెల్లారకముందే
నేను ఒప్పుకోను అక్కా. పొద్దున్నే ఏమీ తినకుండా జిమ్‌కి వెళ్లేవాణ్ణి. వే తాగితే కడుపు ఉబ్బుతుంది, స్క్వాట్‌లో బెల్ట్ కూడా పెట్టుకోలేను. ఈఏఏ 10 గ్రాములు నీళ్లలో కలిపి తాగితే హాయిగా ఉంటుంది. బీసీఏఏ వాడిన రోజుల్లో మర్నాటి నొప్పులు కూడా తగ్గాయి. మీరు లెక్కలు చెబుతున్నారు, నా ఒంటికి తెలిసింది నేను చెబుతున్నా.

ల్యాబ్‌కోటు
మీ విషయంలో ఈఏఏ సరైన ఎంపికే. అందులో తొమ్మిదీ ఉంటాయి, తేలిగ్గా రక్తంలో చేరతాయి. ఉబ్బరం లాక్టోజ్ (పాలలోని చక్కెర) వల్ల కావచ్చు, ఒకసారి అది దాదాపు తీసేసిన వే ఐసోలేట్‌తో చూడండి. నొప్పుల సంగతికొస్తే, బీసీఏఏతో కొంత తగ్గుతాయని చాలా ప్రయోగాల్లో కనిపించింది. కాదనను. కానీ నొప్పి తగ్గడం వేరు, కండ నిలవడం వేరు. అమ్మేవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కడతారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

రెప్‌రాజా
గ్లుటమైన్ మాటేమిటి? మా బ్యాచ్‌లో అందరూ వేసుకుంటారు.

ల్యాబ్‌కోటు
కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్నవాళ్ల చికిత్సలో దాన్ని పరిశీలించారు, ఆ పేరే జిమ్ దాకా వచ్చింది. ఆరోగ్యంగా ఉండి వెయిట్స్ చేసేవాళ్లకు కండ విషయంలో లాభం కనిపించలేదు. నోటితో తీసుకున్నదాంట్లో చాలా భాగాన్ని పేగు కణాలే వాడేసుకుంటాయి. వదిలేయండి.

బక్కోడు
హెచ్ఎంబీ గురించి ఎవరూ అనలేదేం? ల్యూసిన్ విరిగినప్పుడు దాంట్లో 5 శాతం మాత్రమే హెచ్ఎంబీగా మారుతుంది. అందరూ చెప్పే 3 గ్రాముల డోసు సహజంగా రావాలంటే 60 గ్రాముల ల్యూసిన్ తినాలి. అది జరిగే పని కాదు కాబట్టి విడిగా కొనాలి అన్నది వాదన. వినడానికి బాగుంది కదా? నేను కొన్నాను, చెప్పినట్టే వాడాను, ఏ తేడా తెలియలేదు. మంచానికే పరిమితమైన పెద్దవాళ్లకూ, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకూ కొంత ఉపయోగం ఉండొచ్చంటారు. ఏళ్లుగా ఎత్తేవాళ్లకు మాత్రం నా లెక్కలో దండగే. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్‌తో బలం నిలబెట్టుకోవడం ఎంతో నయం.

స్టేజ్‌లైట్స్
నేను పోటీలకు దిగుతాను కాబట్టి ఆ వైపు నుంచి. కొవ్వు బాగా తగ్గాక శరీరం కండను వదులుకోవడానికి తొందరపడుతుంది. అందుకే పోటీ ప్రిపరేషన్‌లో కొవ్వు కాకుండా మిగిలిన బరువుకి, కిలోకి 2.3 నుంచి 3.1 గ్రాముల ప్రొటీన్ సూచిస్తారు. మామూలుగా కండ పెంచేటప్పుడు మొత్తం బరువుకి కిలోకి 1.6 చాలు.

2016లో ఒక ప్రయోగం వచ్చింది. కుర్రాళ్లకు 40 శాతం కేలరీలు కోసి, నాలుగు వారాలు గట్టిగా వ్యాయామం చేయించారు. కిలోకి 2.4 గ్రాములు తిన్నవాళ్లు 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకుని, పైగా 1.2 కిలోల లీన్ మాస్ (కొవ్వు కాని బరువు) పెంచుకున్నారు. 1.2 గ్రాముల గుంపుకి 3.5 కిలోల కొవ్వు పోయింది, లీన్ మాస్ ఉన్నదున్నట్టే ఉంది. వాళ్లు అధిక బరువు ఉన్న కుర్రాళ్లు, కాబట్టి తక్కువ ప్రొటీన్‌తోనూ నెట్టుకొచ్చారు. ఇప్పటికే సన్నబడ్డ మనలాంటివాళ్లకు అంత వెసులుబాటు ఉండదు.

ఇంకొకటి, నిద్ర. డైట్‌లో రోజూ ఐదున్నర గంటలే పడుకుంటే పోయే బరువులో కొవ్వు వాటా తగ్గి, కండలాంటి లీన్ వాటా పెరుగుతుందని 2010లోనే చూపించారు. ఏ డబ్బా కూడా దాన్ని పూడ్చదు.

ఈఏఏ నేనూ వాడతాను, చివరి వారాల్లో మాత్రమే. ఆకలి చచ్చి, ఇంకో షేక్ చూస్తేనే వాంతి వచ్చేలా ఉంటుంది అప్పుడు. బ్యాచ్ టెస్ట్ చేసిన సర్టిఫికెట్ ఉన్నదే కొంటాను. నిషేధిత పదార్థం పొరపాటున కలిసినా పోయేది నా పేరే.

లేబుల్‌చూడు
కొనేవాళ్లకు నావి కొన్ని. బీసీఏఏలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వ్యాలిన్ 2:1:1 పాళ్లలో ఉంటే చాలు, 8:1:1 అని గొప్పలు పోయేవాటికి ఎక్కువ ఇవ్వకండి. "ప్రొప్రయిటరీ బ్లెండ్" అని రాసి ఒక్కోటి ఎన్ని గ్రాములో చెప్పకపోతే డబ్బా అక్కడే పెట్టేయండి. "జీరో కేలరీలు" అన్నదీ నమ్మొద్దు, అమినో ఆమ్లాలకూ గ్రాముకి దాదాపు 4 కేలరీలు ఉంటాయి.

వే ప్రొటీన్‌లోనూ మోసం ఉంది. ప్రొటీన్‌ని సాధారణంగా నైట్రోజన్ కొలిచి లెక్కగడతారు. గ్లైసిన్, టారిన్ లాంటి చవక పొడులు కలిపితే నైట్రోజన్ పెరుగుతుంది, కాగితం మీద ప్రొటీన్ ఎక్కువ కనిపిస్తుంది. పదార్థాల జాబితాలో ఇవి విడిగా కనిపిస్తే అనుమానించాలి. కొలాజెన్‌ని కూడా ప్రొటీన్ లెక్కలో వేయకండి, దాంట్లో ట్రిప్టోఫాన్ ఉండదు.

ఫ్లేవర్ లేని ల్యూసిన్ కొన్నవాళ్లకు ముందే చెబుతున్నా, పొడి నీళ్ల మీద తెట్టులా తేలుతుంది, షేకర్ ఎంత ఊపినా అంచులకే అంటుకుంటుంది. చేదు గొంతులో చాలాసేపు ఉంటుంది. అది కల్తీ కాదు, ల్యూసిన్ లక్షణమే.

ఇనుపకడ్డీ
అందరికీ థ్యాంక్స్. ప్రొటీన్ 170 దాకా పెంచి, బరువు దిగడం వారానికి అర కిలోకి తెస్తాను. పెద్ద లిఫ్ట్‌ల బరువు తగ్గించను. ఇంకో డౌట్. బీసీఏఏ డబ్బా ఒకటి ఆల్రెడీ కొన్నాను. మా నాన్నకి కాళ్లల్లో సత్తువ తగ్గింది, ఆయనకి ఇవ్వొచ్చా? పార్కిన్సన్స్‌కి లెవోడోపా మాత్రలు వేసుకుంటారు.

ల్యాబ్‌కోటు
ఇవ్వకండి. లెవోడోపా కూడా అమినో ఆమ్లాల దారిలోనే పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళ్తుంది. బీసీఏఏ అడ్డుపడితే మాత్ర సరిగా పనిచేయదు, వణుకు, బిగుసుకుపోవడం పెరగొచ్చు. ఆయన భోజనంలో ప్రొటీన్ ఏ వేళకు ఉండాలో కూడా న్యూరాలజిస్టుని అడిగే మార్చండి. డబ్బా మీరే వాడేయండి. వాడే గ్రాములను మాత్రం మీ 170లో కలపకండి.