మాసన్ ట్రైక్రోమ్‌లో (కణజాలానికి మూడు రంగులు వేసే పద్ధతి) కొల్లాజెన్ (సంధాయక కణజాలంలోని పీచు ప్రోటీన్) ఊదాగా ఆగిపోతోంది, ఏం మార్చాలి?

మామూలుగా వేసే హిమటాక్సిలిన్-ఇయోసిన్ రంగులతో నునుపు కండరం, సంధాయక కణజాలం రెండూ గులాబీగానే కనిపిస్తాయి కాబట్టి పేగు గోడ స్లైడ్లకు మాసన్ ట్రైక్రోమ్ వేస్తున్నాం. 10% ఫార్మలిన్‌లో ఉంచిన ముక్క, 5 మైక్రాన్ల సెక్షన్లు (పలుచని కోతలు). బోయిన్ ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర గంట, వైగర్ట్ హిమటాక్సిలిన్ 10 నిమిషాలు, బీబ్రిచ్ స్కార్లెట్ (ఎరుపు రంగు) 10, కొల్లాజెన్ నుంచి ఎరుపు దింపే ఫాస్ఫోమాలిబ్డిక్-ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం 10, అనిలిన్ బ్లూ 5, చివర 1% ఎసిటిక్ ఆమ్లం 2.

కండరం చక్కగా ఎర్రబడుతోంది. సబ్‌మ్యూకోసాలోని (పేగు లోపలి పొర కింద ఉండే పొర) కొల్లాజెన్ మాత్రం నీలం కాకుండా ఊదాగా మిగులుతోంది, అదీ సెక్షన్ మందంగా ఉన్నచోటే. ఎరుపు పూర్తిగా దిగలేదనే అనుమానం. నీలం ఆల్కహాల్‌లో కడుక్కుపోతే వెలిసినట్టు ఉండాలి కదా. ఫాస్ఫోమాలిబ్డిక్-ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లంలో 15 నిమిషాలు ఉంచితే సరిపోతుందా, లేక ద్రావణమే కొత్తగా కలపాలా? కంట్రోల్‌గా (రంగు సరిగా పడిందో పోల్చి చూసేందుకు) ఏ కణజాలం పెడుతున్నారో కూడా చెప్పగలరు.